ఉప్పుపెట్టె – 9: గొడుగు లేని వరుస

ఫోన్ మోగేసరికి వర్ణిక చేతులు మణికట్టు దాకా దోసెల పిండిలో ఉన్నాయి.

"తేజా! నువ్వెత్తు! ల్యాబ్ వాళ్ళయి ఉంటారు!"

సూర్యతేజ సగం గీసిన గడ్డంతో, మెడ మీద సబ్బు నురగతో స్నానాలగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి పొయ్యి పక్కన గోడకు ఆనించాడు.

"మేడం, మొన్న మీరిచ్చిన స్టూడియో కుళాయి నీళ్ళ శాంపిల్ రిజల్ట్ వచ్చింది. ఈ-కోలై నిల్, కోలిఫామ్ నిల్. రిపోర్టు వాట్సాప్‌లో పెడుతున్నా" అంది అవతలి అమ్మాయి, టమాటాల ధర చెప్పినంత మామూలుగా.

"ఇంకొక్కసారి చెప్తరా, ప్లీజ్?"

"నిల్ మేడం. ఏ క్రిమీ లేదు. అన్నీ సున్నాలే."

ఆరో తరగతిలో హిందీలో సున్నా వచ్చినందుకు వర్ణిక వాళ్ళ నాన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఇవాళ సున్నా వచ్చినందుకు మొగుడు ఆమెను అమాంతం ఎత్తి వంటింట్లో గిరగిరా తిప్పుతున్నాడు. ఆమె కాలు తగిలి పిండి గిన్నె దొర్లింది. అతని బనియను మీద పదివేళ్ళూ తెల్లగా అచ్చుపడ్డాయి.

"ఏందమ్మా గా చప్పుడు? మంచం గిట్ల ఇరిగిందా?" కింది వాటాలోంచి నీలమ్మ అరిచింది.

"సున్నా వచ్చిందక్కా!"

"సున్నాకే గింత సంబురమైతే, నూరొస్తే ఇల్లు కూలగొడ్తరు మీరు!"

ఈ సున్నా విలువ మొదటినుంచి వెంట వస్తున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇవాళే మన యూసుఫ్‌గూడ ఇంటి గుమ్మం తొక్కినవాళ్ళు కాస్త కూర్చోండి, దోసె కాలేలోగా చెప్పేస్తాను. హనుమకొండ పిల్ల వర్ణిక కెమికల్ ఇంజనీరింగ్ చదివింది. తెనాలి కుర్రాడు సూర్యతేజ పేరున్న కెమెరామన్ శ్రీనివాసులు గారి దగ్గర అసిస్టెంటు. పెళ్ళయ్యాక ఆమె కాపురానికి తెచ్చుకున్న సారెలో అందరూ వింతగా చూసింది ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో ఎదురెదురుగా రెండు టైటానియం పలకలు, వాటికి కరెంటు తీగలు. ఉప్పునీళ్ళు పోసి మీట నొక్కితే పలకల మీద ఆవగింజల్లా బుడగలు లేస్తాయి. ఉప్పులో దాగిన క్లోరిన్ బయటపడి, ఆ నీళ్ళే క్రిముల్ని చంపే మందవుతాయి. ఆ మందు కొలత ప్రకారం నేలలోని నీళ్ళ సంపులోకి చుక్కచుక్కగా పడుతుంది. గ్యాసు సిలిండర్లు అక్కర్లేదు, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు మొయ్యక్కర్లేదు. ఇంట్లో ఉప్పు, గోడలో కరెంటు ఉంటే చాలు. 'ఉప్పుపెట్టె' అని దానికి పేరు పెట్టింది తేజే.

ఫిల్మ్ నగర్ లోపలి రోడ్డులోని నీలాంబరి స్టూడియోలో, జూనియర్ ఆర్టిస్టులు తాగే కుళాయి సంపుకు ఆ పెట్టెను అమర్చారు. సంపు నీళ్ళు పైన ట్యాంకుకు ఎక్కి, అక్కణ్ణుంచి కుళాయికి దిగుతాయి. అమర్చిన వారానికే వాన పాట మొదటి రోజు షూటింగు జరిగింది. మర్నాడు డాన్సు చేసినవాళ్ళలో కొందరికి వాంతులు, విరేచనాలు. వాళ్ళలో ఒకతె అయిన మన కింది వాటా నీలమ్మ అయితే మూడు రోజులు లేవలేదు. "ఆ పెట్టె వచ్చాకే ఈ పీడ" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ వీరరాఘవయ్య. ల్యాబ్ రిపోర్టు తెచ్చి, అందరి ముందూ మళ్ళీ నీళ్ళు పరీక్ష చేసి చూపిస్తేనే పెట్టె ఉంటుందని, లేకపోతే ఆ సాయంత్రమే గేటు దాటుతుందని తేల్చేశాడు.

రేపు వాన పాట రెండో రోజు. పరీక్ష ఇవాళే.

* * *

పెళ్ళికి గాజు గ్లాసుల సెట్లు నాలుగొచ్చాయి. నాలుగింటి మీదా ఒకే రకం పువ్వు. "ఎవరికైనా ఇచ్చేద్దాం" అని తేజ అన్నప్పుడల్లా "పనికొస్తాయ్ చూడు" అనేది వర్ణిక. ఇవాళ పనికొచ్చాయి. ఒక సెట్టు పాత చున్నీలో చుట్టి సంచిలో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చుంది. కృష్ణానగర్ దాటి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఆగితే, గ్లాసులు ఒకదానికొకటి తగిలి మెట్టెల చప్పుడు చేశాయి. ఆ చప్పుడుకే ఆమెకు నవ్వొచ్చింది. ఈమధ్య ఆమెకు దేనికైనా నవ్వొస్తోంది.

"రేపు షాట్ ఏంటో తెలుసా?" హెల్మెట్ లోంచి అన్నాడు తేజ. "హీరో దోసిట్లో వాన పట్టి హీరోయిన్‌కి తాగిస్తాడు. డైరెక్టర్ గారికి నిన్న రాత్రి వచ్చిన ఐడియా."

"నువ్వు నాకు ఎప్పుడన్నా పట్టి తాగించినవా?"

"మన దగ్గర వాన పైపులు లేవు కదే."

"కుళాయుంది కద!"

పక్క ఆటోలో ముసలాయన వీళ్ళవైపు చూసి తల తిప్పుకున్నాడు. సిగ్నల్ పడింది.

* * *

వీళ్ళు వెళ్ళేసరికి లంచ్ బ్రేక్. షూటింగు ఫ్లోర్ బయట రేకుల షెడ్డు కింద జూనియర్ ఆర్టిస్టులు పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. తిన్నగా నడవగలిగిన రోజే పనిలోకొచ్చిన నీలమ్మ కూడా అక్కడే ఉంది. వీరరాఘవయ్య కుళాయి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, ఒళ్ళో స్టీలు ఫ్లాస్కు. మోతీనగర్ ఇంటినుంచి కాచి చల్లార్చిన నీళ్ళు రోజూ అందులో తెచ్చుకుంటాడు. ఎన్ని సినిమాలు చేశాడో ఆయనకే లెక్క తెలియదు గాని, సెట్లో నీళ్ళు మాత్రం ఏ సినిమాకీ ముట్టలేదు.

"రామ్మా ఇంజనీరమ్మా. రిపోర్టు చూశాను. ల్యాబ్ వాళ్ళు రాసిచ్చారు, బాగానే ఉంది. మరి మన కళ్ళ ముందు సంగతేంటి?"

"చూడండి సార్." వర్ణిక పువ్వుల గ్లాసు తీసి కుళాయి కింద పట్టింది. సంచిలోంచి చిన్న మాత్ర తీసి పైకెత్తి అందరికీ చూపించింది. "నీళ్ళల్ల క్లోరిన్ ఉంటే ఈ మాత్ర పడంగనే గులాబీ రంగొస్తది. రంగుంటే రక్షణ ఉన్నట్టు."

మాత్ర పడింది. కరిగింది.

రంగు రాలేదు.

వర్ణిక గ్లాసు తిప్పింది. ఇంకో మాత్ర వేసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"గులాబీ ఏదమ్మా?" వీరరాఘవయ్య గొంతు మెత్తగా ఉంది. "గన్నేరు రంగైనా చూపించు, సర్దుకుంటాం."

షెడ్డు కింద కిసుక్కుమన్నారు. "నవ్వుర్రి, నవ్వుర్రి," నీలమ్మ వాళ్ళవైపు తిరిగింది. "రేపు మళ్ళ కడుపు పట్టుకుని ఉరుకుదురు గని."

వర్ణిక చెవులు వేడెక్కాయి, నిజమే. కాని చూపు సంపు మీదికే పోయింది. ఆ పెట్టెను ఆమె బోల్టు బోల్టూ ఎరుగును. పలకలు అబద్ధమాడవు. ఎక్కడో ఎవరో ఆడుతున్నారు.

"ఒక్క నిమిషం సార్. సంపు మూత తీయిస్తరా?"

"ఎందుకు?"

"దొంగ ఎక్కడున్నడో చూద్దాం."

సంపులో నీళ్ళు ఇంకో గ్లాసులో ముంచి మాత్ర వేసింది. కన్ను మూసి తెరిచేలోగా గ్లాసు నిండా గులాబీ. పెళ్ళినాడు ఆమె కట్టిన చీర అంచు రంగు. షెడ్డు కింద నవ్వు ఆగింది. తేజ నిచ్చెన ఎక్కి పైన నల్ల ట్యాంకులోంచి ఇంకో గ్లాసు ముంచి తెచ్చాడు. అందులో మాత్ర ఎంత వేసినా ఏమీ లేదు.

"సంపు కాడ ఉంది, ట్యాంకు కాడ లేదు" అంది వర్ణిక. "నడుమ ఉన్నది పైపొక్కటే. పైపైతే క్లోరిన్ తాగదు. ట్యాంకుల ఇంకేదో ఉంది సార్, అదే తాగేస్తోంది."

"ఏముంటుంది? మొన్నే కడిగించాను ట్యాంకుని."

తేజ షెడ్డు నీడలోకి జరిగాడు. ట్యాంకు నీళ్ళ గ్లాసును కళ్ళ ఎదురుగా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ టార్చి వెలిగించి గ్లాసు వెనక పెట్టాడు. రోజంతా లైట్లు సర్దే మనిషి కదా, ఏది చూడాలన్నా వెనకనుంచి వెలుగు కొట్టి చూడటం అతని అలవాటు. పెళ్ళిచూపుల్లో వర్ణికను కిటికీ ముందు కూర్చోమన్నదీ అందుకే.

"వర్ణీ, ఇటు రా."

మామూలుగా చూస్తే తేటగా కనపడిన నీళ్ళలో, టార్చి వెలుగుకు సన్నటి మసక తేలింది. పొగమంచులా, కాస్త నీలం కలిసి.

"ఈ రంగు నాకు తెలుసు. రోజూ మానిటర్లో చూసేదే." టార్చి ఆర్పేశాడు. "ఇది మా వాన."

"వానేంది?"

"బాబీ అన్నా!" తేజ ఫ్లోర్ వైపు కేకేశాడు. "ఓసారి బయటికి రా!"

ఆర్ట్ డిపార్టుమెంటు బాబీని ఇండస్ట్రీలో వాన బాబీ అంటారు. కాకినాడ మనిషి, నడివయసు, బొజ్జ. చినుకు కావాలన్నా జడివాన కావాలన్నా పైపుల మీద వేలు పెట్టి కురిపిస్తాడు. తల్లి వాన, ప్రేమ వాన, విలన్ వాన అని రకాలు చెప్తాడు. నోట్లో కిళ్ళీతో వచ్చాడు.

"అన్నా, ఈ ట్యాంకులో పాలు పోశావా?"

"ఆయ్, పోశాను. నిన్న సాయంత్రం" అన్నాడు బాబీ హాయిగా. "ఉత్త నీళ్ళు కెమెరాకి ఆనవు కదండీ. పాలు కలిపితేనే చినుకు తెల్లగా తీగలాగా కనపడుద్ది. ఎప్పుడూ ట్యాంకర్లోనే పోస్తాం. రేపటికి ట్యాంకరోడు రానన్నాడు, అందుకని గొట్టం ఈ ట్యాంకుకే తగిలించా. రాత్రంతా నానితే బాగా కలుస్తాయని ముందే పోశా."

"తాగే ట్యాంకన్నా ఇది!"

"పాలే కదండీ, విషమా? జూనియర్లకి పుణ్యానికి కాసిని పాలు దక్కినట్టు."

వర్ణిక నవ్వేసింది. కోపం రావలసిన చోట నవ్వొచ్చిందంటే కారణముంది. పెట్టె గెలిచింది.

"బాబీ గారూ, మా వైపు పెళ్ళిళ్ళల్ల మొదటి పంక్తి తిండిపోతులు గారెలన్నీ ఊడ్చేస్తే, రెండో పంక్తికి ఖాళీ గంప వస్తది చూడండి, గట్లనే. క్లోరిన్ క్రిముల మీదికి పోయే లోపలే మీ పాలు దాన్ని మొత్తం తినేసినయ్. క్రిములకు వడ్డించనీకి ఏం మిగల్లే."

షెడ్డు కింద ఎవరో చప్పట్లు కొట్టారు. వీరరాఘవయ్య మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. ఆయన తేలిగ్గా పట్టుబడే మనిషి కాడు.

"సరేనమ్మా, నిన్నటి సంగతి తేలింది. పోయిన వారం సంగతో? అప్పుడు వాన ట్యాంకర్లోది. ఈ ట్యాంకులో పాల చుక్క లేదు. నీ పెట్టె నీళ్ళే తాగారు, పడ్డారు. దానికేమంటావ్?"

అందరూ వర్ణికను చూశారు. తేజ కూడా. ఇది నిజమైన ప్రశ్న, దీనికి నవ్వు సరిపోదు.

ఆమె షెడ్డు కిందికి నడిచి నీలమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది.

"అక్కా, ఆ రోజు ఈ కుళాయి నీళ్ళు ఎవరెవరు తాగిన్రు?"

"అందరం తాగినం. ఎండ దంచుతుండె. తాగకుంటే సత్తుమా?"

"మరి అందరూ పడ్డరా?"

"అందరెందుకు పడ్తరు? ఎన్క వరుసోళ్ళకు ఏం గాలే, దుక్కల్లెక్క ఉన్నరు." నీలమ్మ ఎదుటి బల్ల వైపు చెయ్యి చూపింది. "గా మనోజను చూడు, నాకు ఓఆరెస్ తెచ్చిచ్చింది గదే. మేం ముందట వరుసోళ్ళమే పడ్డం."

"వెనక వరుసకూ ముందు వరుసకూ తేడా ఏంది?"

"గొడుగులు!" నీలమ్మ పళ్ళెం కింద పెట్టి లేచింది. చెయ్యి పైకెత్తి, లేని గొడుగు పట్టుకుని నడుం ఊపింది. "ఎన్కోళ్ళకు రంగురంగుల గొడుగులిచ్చిన్రు. మమ్ముల నెత్తి మీద ఏం లేకుండ నిలబెట్టిన్రు. పైకెల్లి ధార! డాన్సు మాస్టరేమో 'నోరు తెరవండి, పాట లోపల్నుంచి రావాలె' అని ఒక్కటే లొల్లి. పొద్దంత మొగులు దిక్కు నోరు తెరుసుకొనే ఉన్నం తల్లీ, కప్పలెక్క!"

అందరూ గొల్లుమన్నారు. వర్ణిక నవ్వలేదు. వరుసలు ఆమె కళ్ళ ముందు కట్టాయి. ఒకటే కుళాయి, ఒకటే భోజనం, ఒకటే ఎండ. గొడుగున్న వరుస బాగుంది. గొడుగు లేని వరుస పడింది.

ఆమె లేచి నిలబడింది.

"సార్, ఆ రోజు వీళ్ళు తాగినవి రెండు నీళ్ళు. ఒకటి కుళాయిది. అది అందరూ తాగిన్రు, ఎవరికీ ఏం కాలే. రెండోది వాన. అది గొడుగు లేనోళ్ళే తాగిన్రు."

వీరరాఘవయ్య వేళ్ళు ఫ్లాస్కు మూత మీద ఆగిపోయాయి.

"బాబీ గారూ, ట్యాంకర్ నీళ్ళు ఎక్కడివి?"

"ఎక్కడివంటే... ట్యాంకరోడు తెచ్చినవే అండి. వానకి ఎవరడుగుతారు?"

"అందులో పాలు ఎప్పుడు పోసిన్రు?"

"అదీ ముందు రోజేనండి." బాబీ కిళ్ళీ నమలడం ఆపేశాడు. "అంటే... ఎండలోనే ఉంది ట్యాంకరు."

"ఊరూ పేరూ లేని నీళ్ళు, పాలు పోసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున ఎండల వెచ్చబెట్టిన్రు. క్రిములకు బారసాల చేసిన్రు బాబీ గారూ. తర్వాత దాన్నే పైపులల్లకెల్లి ఆడోళ్ళ నోట్లె పోసిన్రు."

బాబీ పక్కకు వెళ్ళి కిళ్ళీ ఉమ్మి వచ్చాడు. "తల్లీ, తెలవదు" అని నీలమ్మతో అన్నాడు. ఆమె "తెల్వదని ఎరుకే తియ్, నువ్వు ప్రేమ వానే అనుకుంటివి" అంది. ఆ మాటకు ఆయన ముఖం ఇంకాస్త చిన్నదైంది.

వీరరాఘవయ్య నెమ్మదిగా లేచాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన వృత్తిలో లేదు. కాని మేనేజర్ బుర్ర, ముందుకే పరుగెత్తుతుంది. వర్ణిక ఆయన ముఖంలో ఆ పరుగును చూసింది. రేపు. వాన. దోసిలి. హీరోయిన్ నోరు.

"ఓరి నాయనో" అన్నాడు ఆయన. "రేపు ఆ అమ్మాయి తాగుతుంది కదరా వాన! ఆవిడ పడిపోతే ఇంక నెలరోజులు డేట్లు దొరకవు. దోసిలి షాట్ తీసెయ్యమందాం. డైరెక్టర్ గారికి నేను చెప్తాను."

"షాట్ ఎందుకు తీసేయాలె సార్? నీళ్ళు మార్చుకుందాం." వర్ణిక గొంతులో మళ్ళీ పొద్దుటి సున్నా మోగింది. "ఇప్పుడే ట్యాంకు ఖాళీ చేసి రుద్ది కడిగిద్దాం. సంపు నుంచి నింపుదాం. పెట్టె నుంచి మందు పడ్డాక అరగంట ఆగుదాం. మాత్ర గులాబీ అయితేనే బాబీ గారు పైపు విప్పుతరు. పాల చుక్క పడొద్దు. రేపు మీ పాటల కురిసే వాన, తాగే నీళ్ళంత శుభ్రంగ ఉంటది. హీరోయిన్‌కూ అదే, నీలమ్మక్కకూ అదే."

"పాలు లేకపోతే వాన కనపడదమ్మా!" బాబీ గుండె బాదుకున్నాడు.

"కనపడుతుంది." ఈసారి మాట్లాడింది తేజ. పువ్వుల గ్లాసు ఇంకా అతని చేతిలోనే ఉంది. అందులోవి పారబోసి, సంపు నీళ్ళు ముంచుకుని, వెలుగు వెనకనుంచి పడేలా టార్చిని కుళాయి గట్టు మీద ఆనించి, వేళ్ళతో చిలకరించాడు. ఒక్కో చుక్కా వెండి పూసలా మెరిసి పడింది. "వెనకనుంచి గట్టిగా లైటు కొట్టి, వాన అవతల నల్లగుడ్డ కడితే చాలన్నా. పాలు అక్కర్లేదు."

వర్ణిక మొగుణ్ణి చూసింది. నాలుగు సెట్ల గ్లాసులూ దాచినందుకు తనను తాను మెచ్చుకుంది. మొగుణ్ణి ఎంచుకున్నందుకు ఇంకొంచెం ఎక్కువ మెచ్చుకుంది.

"మాటలు బాగానే ఉన్నాయి" అన్నాడు వీరరాఘవయ్య. "ఆ వాన మంచిదని హీరోయిన్ వాళ్ళమ్మగారికి ఎవరు చెప్తారు? ఆవిడ నా మాట వినదు, నీ మాత్రా చూడదు."

"చెప్పుడెందుకు సార్, చూపిద్దాం. రేపు పొద్దున ఏడింటికి, క్లాప్ కొట్టే ముందే వాన విప్పుదాం. గొడుగు లేకుండ, నోరు తెరిచి, మొదలు ముగ్గురు నిలబడాలె. పెట్టె నాది గనక నేను. వాన ఆయనది గనక బాబీ గారు." ఆమె వీరరాఘవయ్య వైపు తిరిగింది. "నీళ్ళ పూచీ మీది గనక మీరు."

వీరరాఘవయ్య ఫ్లాస్కును చూసుకున్నాడు. కుళాయిని చూశాడు. నీలమ్మ చేతులు కట్టుకుని ఆయననే చూస్తోంది.

"సారూ, మీకు జాగ ఉంచుతం" అంది. "మా వరుసల్నే."

ఆయన ఫ్లాస్కు మూత బిగించి కుర్చీ మీద పెట్టాడు.

"రేపు ఇది తీసుకురాను" అన్నాడు. "బాబీ, ట్యాంకు విప్పు. ఏడింటికి వాన. వినపడిందా అందరికీ? ఏడింటికి!"

కేకలు, ఈలలు. ట్యాంకు కింద పాల నీళ్ళు కాలవ కట్టి పారుతుంటే, వర్ణిక చున్నీలో గ్లాసులు చుట్టుకుంటూ కూనిరాగం తీసింది. తేజ మాత్రం పక్కన నిలబడి చెవి గోక్కుంటున్నాడు. ఆ గోకుడు ఆమెకు కొత్త కాదు. పెళ్ళిలో ఉంగరం మర్చిపోయి వచ్చినప్పుడూ ఇలాగే గోక్కున్నాడు.

"ఏందయ్యా? చెప్పు."

"చిన్న సంగతే. రేపు నేను వెనక లైట్లు పెడతానన్నాను కదా... లైటు జరపాలంటే శ్రీనివాసులు గారు ఒప్పుకోవాలి."

"ఒప్పుకోరా?"

"బాబీ అన్న పాపం, సొంతంగా ఏ వానలోనూ పాలు పొయ్యడు." తేజ గొంతు తగ్గించాడు. "పొయ్యమనేది మా గురువుగారే. పాలు లేని వాన ఇంతవరకు ఆయన కెమెరాలో పడలేదు. పడనివ్వరు కూడా."

వర్ణిక చున్నీ మూట సంచిలో పెట్టింది. సంచి భుజాన వేసుకుంది. గ్లాసులు గలగలమన్నాయి.

"అయితే రేపు గొడుగు లేని వరుసల నిలబడేది ముగ్గురం కాదు, నలుగురం. ఏడు కొట్టే లోపల మీ గురువు గారిని వానలకు తీసుకొచ్చే పని నీది" అంది.